వారసత్వ తోటలో సుస్థిర ఎవరు?

నూజివీడు వెళ్ళొచ్చానని చెబితే చాలు, మా రాజమండ్రిలో అందరూ ముందు నా చేతుల వైపు చూస్తున్నారు, మామిడిపళ్ళ బుట్ట ఏదీ అని. బుట్ట బయల్దేరింది. తాడేపల్లిగూడెం దగ్గర బస్సు గోతిలో పడి, పై అరలోంచి ఎవరిదో సూట్‌కేసు దాని మీదకి దూకింది. రసాలు కదండీ, పేరుకు తగ్గట్టే చేశాయి. మిగతా దారంతా కండక్టరు నాతో మాట్లాడలేదు. కాబట్టి మీకు పళ్ళు పెట్టలేను, జరిగింది మాత్రం చెబుతాను.

నేను ఇంగ్లీషు కాగితాల్ని తెలుగు చేసే పని చేస్తాను. కరపత్రాలు, బోర్డులు, మిక్సీతో పాటు వచ్చే చిన్న పుస్తకాలు. ఇరవై ఏళ్ళుగా ఇదే. నేను రాసింది చదివి ఎవరూ ఎప్పుడూ ఏమీ చేసిన దాఖలా లేదు, అందుకని ఇది ప్రమాదం లేని ఉద్యోగం అనుకునేదాన్ని.

మార్చిలో ఒకావిడ ఫోన్ చేశారు. ఆగిరిపల్లి దాటి లోపలికి వెళ్తే వచ్చే ఒక ఊరికి సర్పంచి, పేరు కోటేశ్వరమ్మ. ఊరి పేరు రాయనని ఆవిడకి మాటిచ్చాను, ఇప్పటికే రావలసినంత పేరు వచ్చిందన్నారు. వాళ్ళ పంచాయతీ స్థలంలో ఇరవై మూడు మామిడి చెట్లున్నాయట. అంటు కట్టినవి కావు, టెంక నుంచి మొలిచినవి, ఏ చెట్టు కాయ రుచి దానిదే. వాటిని కొట్టేసి షాపుల కాంప్లెక్సు కట్టాలని పంచాయతీలో సగం మంది పట్టు. చెట్లు ఉంచి, వాటి కాయతో ఆడవాళ్ళ సంఘాల చేత తాండ్ర పోయించాలని, మొక్కల నర్సరీ పెట్టించాలని ఈవిడ పట్టు. జిల్లా నుంచి కమిటీ వచ్చి చూస్తుంది. ఊరికి ఆ తోటతో నిజంగా సంబంధం ఉందని తేలితే చెట్లుంటాయి, లేదంటే మిషను రంపం వస్తుంది. దానికి ఇంగ్లీషులో ఎవరో బోర్డూ కరపత్రమూ రాసిచ్చారు, తెలుగు చేసి పెట్టమన్నారు.

చేసి పెట్టాను. "వారసత్వ తోట. సుస్థిర అభివృద్ధి కోసం." దాని కింద, "పేర్ల నమోదుకు గ్రామస్తులందరూ తగిన ఆధారాలతో రాగలరు." పేర్లంటే చెట్ల పేర్లు. ఆ సంగతి నా మనసులో ఉంది, కాగితం మీద లేదు. నిఘంటువు ముందు పెట్టుకుని చూస్తే మాత్రం ఇప్పటికీ అందులో ఒక్క తప్పు లేదు, కావాలంటే మీరు చూసుకోండి. మే నెలలో కోటేశ్వరమ్మ గారు మళ్ళీ ఫోన్ చేసి, "కమిటీ వస్తోంది, మీరు రాసిన బోర్డు మీరూ చూద్దురుగాని రండి" అన్నారు. గొంతులో ఏదో తేడా ఉంది. సిగ్నల్ బాగా లేదనుకున్నాను.

హనుమాన్ జంక్షన్

బస్సు నన్ను అక్కడ దింపేసరికి తొమ్మిదిన్నర. టీ పన్నెండు రూపాయలు. మా కోటిపల్లి బస్టాండు దగ్గర పదే, కానీ ఇక్కడ గ్లాసు కాస్త పెద్దది, కాబట్టి దెబ్బలాట పెట్టుకోలేదు. నూజివీడు బస్సులో నా పక్కన ముసునూరు ఆవిడ కూర్చుంది. ఒళ్ళో ఖాళీ జాడీ. పుట్టింటికి వెళ్ళి ఆవకాయ పెట్టించుకుని తెచ్చుకుంటుందట, యాభై ఏళ్ళొచ్చినా తన చేత్తో పెట్టిన ఆవకాయ నిలవ ఉండదట. ఆ సంగతంతా అయ్యాక నా వైపు తిరిగింది.

"మీరు ఎవరింటికండీ?"

ఊరి పేరు చెప్పి, సర్పంచి గారింటికి అన్నాను.

"ఎవరూ, మనవరాలి పేరు మీద ఊరి తోట రాయించుకుంటోందే, ఆవిడింటికా?"

నాకు అర్థం కాలేదు. ఆవిడకి అర్థం చేయించే ఓపిక బాగానే ఉంది. "వారసత్వ తోటని ఇంతింత అక్షరాలతో బోర్డు పెట్టించిందండీ. కిందేమో, సుస్థిర అభివృద్ధి కోసం అని. సుస్థిర అభివృద్ధిలోకి రావాలంటే వాళ్ళ నాన్న సంపాదించి పెట్టాలి గానీ ఊరి తోట ఎందుకండీ?"

"సుస్థిర ఎవరండీ?" అన్నాను.

"మనవరాలు. మొన్న మాఘమాసంలో పుట్టింది. ఈ రోజుల్లో పేర్లన్నీ అలాగే ఏడుస్తున్నాయి కదా, మా అన్న మనవరాలి పేరు లిషిత. ఆ కాగితం ఎవరో బాగా చదువుకున్నావిడ చేత రాయించిందట, వంక పెట్టడానికి వీల్లేకుండా."

నేను కిటికీ వైపు తిరిగి తోటలు చూడటం మొదలుపెట్టాను. చూడవలసినవే. దారికి రెండు వైపులా మామిడే, గట్ల మీద ట్రాక్టర్లు, చెట్ల కింద కాయల గుట్టలు. చివర వల సంచి కట్టిన పొడుగాటి కర్రలతో కాయ కింద పడకుండా కోస్తున్నారు. ఆ కర్రని చిక్కం అంటారట. నాకు ఒకటి కూడా సరిగ్గా కనపడలేదు. కళ్ళ ముందు నా బోర్డే ఉంది.

నూజివీడు

ఈ ఊళ్ళో వీణలు చేస్తారు, మామిడిపళ్ళు అమ్ముతారు. వీణలు ఎక్కడ అని అడిగితే ఒకాయన మర్యాదగా చెయ్యెత్తి సందు చూపించాడు. పళ్ళు ఎక్కడ అని అడిగితే ఆరుగురు చుట్టుముట్టారు. చిన్న రసాలు డజను రెండొందల యాభై, పెద్ద రసాలు మూడొందల యాభై, బేరం ఆడితే ముప్పై తగ్గిస్తారు, ఆడకపోతే చిన్నబుచ్చుకుంటారు.

మధ్యాహ్నం ఒక మెస్సులో భోజనానికి కూర్చున్నాను. మామిడికాయ పప్పు, దొండకాయ వేపుడు, పెరుగు, తొంభై రూపాయలు. పెరుగన్నంలో నంజుకోవడానికి రసం పండు విడిగా పాతిక. పండు రాగానే నేను కత్తి అడిగాను.

వడ్డించే ఆయన, "కత్తెందుకండీ?" అన్నాడు.

"కోసుకోడానికి."

ఆయన లోపలికి వెళ్ళి భార్యని పిలిచాడు. "ఈవిడ రసాన్ని కోస్తారంట." ఆవిడతో పాటు వంట చేసే ఇద్దరు కూడా చూడటానికి వచ్చారు. మా గోదావరి వైపు కొత్తపల్లి కొబ్బరి మామిడిని ముక్కలు కోసి పళ్ళెంలో పెట్టుకుని మర్యాదగా తింటాం, అది చెప్పాను. "పాపం" అందావిడ, మనస్ఫూర్తిగా. తర్వాత నేర్పింది. పండుని రెండు అరచేతుల మధ్య పెట్టి మెల్లగా నలపాలి. తొడిమ దగ్గర కొరికి, మొదటి రెండు చుక్కలు పిండి పారబొయ్యాలి. అది సొన, తగిలితే పెదవి పొక్కుతుంది. ఆ తర్వాత జుర్రుకోవడమే. అంతా విని, నేను గట్టిగా నలిపాను. పండులో ఉన్నదంతా పక్క బల్ల దగ్గర కూర్చున్న పెద్దాయన తెల్ల చొక్కా మీదకి వెళ్ళింది.

"ఫర్వాలేదమ్మా" అన్నారాయన కండువాతో తుడుచుకుంటూ. "చిన్న రసమే కదా. పెద్ద రసమైతే ఉతికినా పోదు."

ఇంత మంచాయన ఎవరా అనుకున్నాను. పేరు వీరాస్వామి గారు. డెబ్భై దాటిన మనిషి. బల్ల మీద ప్లాస్టిక్ కవరులో కాగితాల కట్ట ఉంది. వారసుల సర్టిఫికెట్టు కోసం ఆఫీసు చుట్టూ మూడోసారి తిరుగుతున్నారట. నేను వెళ్ళే ఊరే. "మా నాన్న ఇరవై ఏళ్ళు పంచాయతీ వేలంలో కాపు పాట పాడుకున్న తోటమ్మా అది. ఆధారాలతో రమ్మని వాళ్ళే కాగితం పంచారు. తీసుకెళ్తున్నాను. ఆ సుస్థిరకి ఎలా కట్టబెడతారో చూస్తాను" అన్నారు. మీరేం చేస్తుంటారని అడిగితే, కుట్లు అల్లికలు అని చెప్పాను. నా జీవితంలో సూదిలో దారం ఎక్కించింది లేదు.

ఆగిరిపల్లి దాటాక

మర్నాడు పొద్దున్నే ఆగిరిపల్లిలో బస్సు దిగేసరికి కోటేశ్వరమ్మ గారు స్కూటీ మీద ఉన్నారు. యాభై రెండు యాభై మూడేళ్ళుంటాయి. సన్నటి మనిషి, కొంగు నడుముకి దోపుకుని, చెప్పులు విప్పి బండి ముందు పెట్టుకుని నడుపుతారు. చెప్పులుంటే బ్రేకు తెలియదట. "గట్టిగా పట్టుకోండి రత్నం గారూ" అన్నారు. పట్టుకున్నాను. దారి పొడుగునా మాట్లాడుతూనే ఉన్నారు. చిన్నప్పటి నుంచి తోటల్లో కాయ కోతకి, గ్రేడింగుకి కూలికి వెళ్ళిన మనిషి. రాత్రి బడిలో చదవడం నేర్చుకుని, సంఘానికి లీడరై, సర్పంచి అయ్యారు. ఏ తోట దగ్గరికి వచ్చినా అందులో కాయ ఎలా ఉంటుందో చెబుతున్నారు. బోర్డు ఊసెత్తలేదు. నేనూ ఎత్తలేదు.

పంచాయతీ ఆఫీసు ముందు వరసగా జనం. అందరి చేతుల్లోనూ ఆధారాలు. రేషను కార్డులు, తాతల మరణ ధ్రువపత్రాలు, లామినేషను చేయించిన వంశవృక్షం. ఒకాయన తన తాత చెట్టు పక్కన నిలబడి తీయించుకున్న ఫొటో తెచ్చాడు, తాత కనపడటం లేదు గానీ చెట్టు బాగా వచ్చింది. ఒకావిడ జాడీ మోసుకొచ్చింది, ఆ చెట్టు కాయతో పెట్టిన మాగాయ. కావాలంటే తిని చూసి నమోదు చేసుకోండి అంటోంది.

ఇక దాచలేక, ఆఫీసు గదిలో కుర్చీ కూడా తీసుకోకుండా చెప్పేశాను. "తప్పు నాదండీ. ఇంగ్లీషులో హెరిటేజ్ అన్న మాటకి ఆస్తి అని అర్థం రాదు. మన దగ్గర వారసత్వం అంటే ముందు గుర్తొచ్చేది పొలమే. నాకు తట్టలేదు."

"నాకు తట్టిందండీ" అన్నారావిడ. "చదవగానే అనుకున్నా, ఇదేంటి, వాటాలు పంచుతున్నట్టుందే అని. పెద్ద చదువులు చదివినవాళ్ళు రాశారు, తప్పు పట్టడానికి నేనెవరినని ఊరుకున్నాను."

ఆ మాటకి నాకు నిజంగా సిగ్గేసింది. తిట్టినా అంత బాధపడేదాన్ని కాదు.

"మీ మనవరాలి పేరు?" అన్నాను.

"నాగమణి. మా అత్తగారి పేరు. సుస్థిర అని పెడితే నేను ఊరుకుంటానా?"

సరిదిద్దడం నా బాధ్యత అన్నాను. ఆటోకి మైకు కట్టించారు. పది గంటల ఎండలో ఊరంతా తిరిగి నేనే అరిచాను. "వారసత్వం అంటే ఇక్కడ ఆస్తి కాదు. మన పెద్దవాళ్ళ నుంచి వచ్చిన తెలివిడి. సుస్థిర అంటే మనిషి పేరు కాదు. తోట ఎవరికీ ఇవ్వడం లేదు. చెట్ల పేర్లు, కాయ రుచులు తెలిసినవాళ్ళు వచ్చి చెప్పండి, చాలు." ఇరవై ఏళ్ళలో నేను రాసిన దేనికన్నా ఆ నాలుగు ముక్కలూ బాగున్నాయి.

సాయంత్రానికి వరస రెట్టింపయింది. ఇంత ఎండలో మైకు పెట్టి మరీ ఏమీ ఇవ్వడం లేదంటున్నారంటే ఏదో గట్టిదే ఇస్తున్నారని ఊరు తేల్చుకుంది. ఇంకో కొత్త సంగతి కుళాయి దగ్గర తెలిసింది. నేను అటుగా వెళ్తుంటే బిందె పట్టుకున్న ఒకావిడ పక్కావిడతో అంటోంది, "అదిగో, సుస్థిర ఆవిడేనట. చిన్నపిల్ల అన్నారు, చూస్తే ఇంత వయసుంది."

తోట

ఎండ తగ్గాక కోటేశ్వరమ్మ గారు నన్ను తోటకి తీసుకెళ్ళారు. చెట్లకి నీళ్ళు పారడానికి బోదెలు తీసి, చుట్టూ ఎండుగడ్డి పరిచి ఉంది. ప్రతి చెట్టుకీ పేరుంది. బెల్లం చెట్టు, పాలకాయ చెట్టు, వాసన జీలకర్రలా వచ్చే జీలకర్ర చెట్టు. అల్లుడి చెట్టని ఒకటి ఉంది, అన్నిటికన్నా ఆలస్యంగా కాస్తుందట, కాసినా నాలుగు కాయలేనట, అయినా అందరూ దానికేసే చూస్తూ ఉంటారట. కోర్టు చెట్టు కాయ కాస్త తియ్యగా మొదలై చివరికి నోరు పులిసిపోయేలా చేస్తుంది. గడ్డిలో మాగబెట్టిన పళ్ళు ఆవిడ ఒక్కొక్కటే ఇస్తుంటే నేను ఆరు తిన్నాను. మా కొత్తపల్లి కొబ్బరి గొప్పదే, నేను ఒప్పుకోను గానీ బెల్లం చెట్టు పండు దానికి తీసిపోదు.

"రేపు కమిటీ వాళ్ళ ముందు కూడా వీళ్ళు ఇలాగే వాటాల కోసం కొట్టుకుంటే ఏమవుతుందో తెలుసాండీ?" అన్నారావిడ. "గొడవల తోట, కొట్టేస్తే పీడా పోతుందని రాసేసి వెళ్ళిపోతారు. కాంప్లెక్సు కావాలనేవాళ్ళకి అదే కావాలి." పొద్దుటి నుంచీ నిలబడే ఉన్న మనిషి, అప్పుడు చెట్టు మొదట్లో కూర్చున్నారు. ఆవిడకి భయం వేస్తోందని నాకు తెలిసింది. నాకు అంతకన్నా ఎక్కువ భయం వేసింది, ఎందుకంటే ఆవిడ ఓడిపోతే నా మాట వల్లే ఓడిపోతారు.

మర్నాడు పొద్దున నా వంతుగా ఒక పని నెత్తిన వేసుకున్నాను. ఇరవై మూడు పళ్ళేల్లో ఇరవై మూడు చెట్ల పళ్ళు, ఒక్కో పళ్ళేనికీ పేరు రాసిన చీటీ. ఈసారి ఒక్క పెద్ద మాట కూడా రాయలేదు. జిగురు దొరక్కపోతే అన్నం మెతుకులతో అంటించాను, చిన్నప్పుడు మేం గాలిపటాలకి అలాగే అంటించేవాళ్ళం. బల్ల మీద బారుగా పేర్చి, మొహం కడుక్కుందామని కుళాయి దగ్గరికి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి బల్ల మీద ఏడు కోళ్ళున్నాయి. మెతుకుల కోసం చీటీలన్నీ పొడిచి పెకలించేశాయి. వాటిని తోలబోతే అవి పళ్ళేల మీదుగా పరిగెత్తాయి. పళ్ళన్నీ కిందకి దొర్లి ఒకచోట కలిసిపోయాయి. సరిగ్గా అప్పుడే కమిటీ కారు వచ్చి ఆగింది.

కమిటీ

ముగ్గురు దిగారు. వాళ్ళలో పెద్దాయన కళ్ళజోడు పైకి తోసుకుని కింద ఉన్న పళ్ళ వైపు చూశారు. "ప్రదర్శన ఇదేనా?" అన్నారు. నేను ఒక కోడిని చంకలో పెట్టుకుని నిలబడి ఉన్నాను.

"ఏ పండు ఏ చెట్టుదో చెప్పగలవాళ్ళు ఎవరైనా ఉన్నారా?" అని అడిగారు.

ఊరంతా ముందుకొచ్చింది. అరవై మంది, అరవై ఆధారాలు. ఒకే పండుని నలుగురు పట్టుకుని మా తాత చెట్టుదంటే మా తాత చెట్టుదన్నారు. మాగాయ జాడీ ఆవిడ నేరుగా కమిటీ వాళ్ళ నోట్లో ముక్క పెట్టబోయింది. వీరాస్వామి గారు కవరులోంచి సర్టిఫికెట్టు తీశారు, చొక్కా మీద నా రసం మరక అలాగే ఉంది. ఒక పండు చూపించి, ఇది మా నాన్న పాడుకున్న బెల్లం చెట్టుది అన్నారు. అది కోర్టు చెట్టుదని నాక్కూడా తెలుసు. కమిటీ పెద్దాయన పెన్ను మూత పెట్టేశారు.

కోటేశ్వరమ్మ గారు నాలుగు పేజీల ఉపన్యాసం రాసుకున్నారు. అది మడిచి నడుముకి దోపుకుని, కింద కూర్చున్నారు. ఒక్కో పండూ తీసుకుని, తొడిమ దగ్గర వాసన చూసి, పేరు చెప్పి పళ్ళెంలో పెట్టడం మొదలుపెట్టారు. "ఇది పాలకాయ. ఇది జీలకర్ర. ఇది అల్లుడు. వీరాస్వామి గారూ, అది కోర్టు అండీ, ఇలా ఇవ్వండి, మీ బెల్లం ఇదిగో." పదో పండు దగ్గరికి వచ్చేసరికి జనం మాటలు ఆపేశారు. అనుమానమున్నవాళ్ళు కొరికి చూసి తలలూపారు. ఇరవై మూడూ అయ్యాయి.

"వీటిలో మీ చెట్టేదమ్మా?" అని అడిగారు పెద్దాయన.

"మాకు చెట్టు లేదండీ. మేం రాలినవి ఏరుకున్నవాళ్ళం." ఆవిడ చేతులు కొంగుకి తుడుచుకున్నారు. "చెట్టున్నవాళ్ళకి వాళ్ళ కాయ తెలుస్తుంది. మేం ఏది దొరికితే అదే తినాలి కదండీ, అందుకని అన్నీ తెలిశాయి. వీరాస్వామి గారి నాన్నగారు నిద్ర లేవకముందే మా అమ్మ నన్ను తీసుకుని ఇక్కడికి వచ్చేది. ఆయన లేస్తే కర్ర తీసుకునేవారు."

నిష్ఠూరంగా అనలేదు. ఎండ ఎక్కువగా ఉందన్నట్టు అన్నారు. ఎవరూ వీరాస్వామి గారి వైపు చూడలేదు, చూడకుండా ఉండటానికి అందరూ కష్టపడుతున్నారని తెలుస్తూనే ఉంది.

పెద్దాయన పెన్ను మూత మళ్ళీ తీశారు. "ఈ ఊరికీ ఈ తోటకీ సంబంధం లేదని రాసే ధైర్యం నాకు లేదు. చెట్లుంటాయి" అన్నారు. నాకు ఏడుపొచ్చింది, కోడి చంకలో ఉండబట్టి కళ్ళు తుడుచుకోవడం కుదరలేదు. ఆయన నా కరపత్రం తిరగేశారు. "సంరక్షకులని ఎవరిదైనా పేరు రాయాలి. మీరు వారసత్వ తోట అన్నారు కదా, వారసులెవరని రాయమంటారు?"

వీరాస్వామి గారు సర్టిఫికెట్టు మళ్ళీ కవరులో పెట్టుకున్నారు. పెట్టుకోవడానికి చాలాసేపు పట్టింది.

"కోటేశ్వరమ్మ అని రాసుకోండి" అన్నారు. "కర్ర సంగతి నిజమే. నేనూ పక్కనే ఉండేవాణ్ణి."

కోటేశ్వరమ్మ గారు తల దించుకున్నారు. పళ్ళేలు అటూ ఇటూ సర్దారు. లేచి నిలబడ్డాక గొంతు మామూలుగానే ఉంది.

"నా ఒక్కదాని పేరు రాస్తే ఎండాకాలమంతా నీళ్ళు నేనొక్కదాన్నే మొయ్యాలండీ. ఆధారాలు పట్టుకుని వచ్చారు కదా, అందరి పేర్లూ రాయండి. ఎవరు ఏ రోజు నీళ్ళు పోస్తారో కూడా పక్కనే రాయండి."

వెనక వరసలో ఇద్దరు ముగ్గురు రేషను కార్డులు జేబుల్లో పెట్టుకున్నారు. వాళ్ళ భార్యలు మళ్ళీ బయటికి తీయించారు. వీరాస్వామి గారి పేరు మొదట వచ్చింది.

"మంగళవారం మాత్రం నాకు కుదరదు" అన్నారాయన.

"ఆయనకి మంగళవారమే రాయండి" అన్నారు కోటేశ్వరమ్మ గారు.